అరవై ఒక్కమంది అమ్మాయిల ఫోటోలు

కెలమంగలం,
14-6-2004

చిరంజీవి సుమకు,

అన్నయ్య దీవించి రాస్తున్నాడు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ వదినకు మోకాలి నొప్పి తగ్గలేదు. పట్టుగూళ్ళ ధర పడిపోయిందని ఊరంతా ముఖాలు వేలాడేసుకుని తిరుగుతోంది. స్టూడియోకు మాత్రం పనికి లోటు లేదు.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటంటావు. స్టూడియోలో ఫోన్ ఎత్తితే బెంచీ మీద కూర్చున్న నలుగురూ చెవులు ఇటు పెడతారు. ఈ-మెయిలంటే ఇంగ్లీషులో రాయాలి. హోసూరులో మనిద్దరం తెలుగు మీడియం చదువుకున్నది ఉత్తరాలకైనా పనికొస్తుంది కదా!

విషయానికి వస్తాను. నాన్న పెట్టిన పద్ధతి నీకు తెలుసు. సంబంధాలకు పంపడానికి అమ్మాయిని ఫోటో తీస్తే, ఎన్ని ప్రింట్లు వేశామో కవరు మీద రాసిస్తాం. సంబంధం ఖాయమైన రోజు నెగటివ్ కూడా పిల్ల తండ్రి చేతిలో పెట్టేస్తాం. ఆ తర్వాత ఆ పిల్ల ముఖం మన దగ్గర ఉండదు. హోసూరులో అద్దాల స్టూడియోలు ఎన్ని ఉన్నా, ఈ చుట్టుపక్కల వాళ్ళు ఆడపిల్లల్ని మన దగ్గరికే తెస్తున్నారంటే అందుకే.

ఇప్పుడు డిజిటల్ కెమెరా కొన్నాను. మగపిల్లలందరూ బెంగళూరులో, కోయంబత్తూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళకు ఫోటో పోస్టులో వెళ్ళేలోగా ఇంకో సంబంధం కుదిరిపోతోంది. "కంప్యూటర్లో పెట్టప్పా, మావోడు ఆడనే చూసుకుంటాడు" అంటున్నారు. మనకూ ఒక వెబ్‌సైటు ఉంటే బాగుంటుంది. దానికి హోస్టింగ్ ఏదో తీసుకోవాలట. అది ఎక్కడ తీసుకుంటే భద్రమో, మధ్యలో ఆగిపోకుండా నడుస్తుందో చెప్పు. ఆడపిల్లల ఫోటోలు, అది మరిచిపోకు.

నీ అన్న,
పురుషోత్తం


హైదరాబాద్,
2-7-2004

అన్నయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, హాస్టల్లో అందరికీ చూపించాను. మా అన్న చేతిరాత అచ్చు వేసినట్టు ఉంటుందని వాళ్ళకు నమ్మకం కుదిరింది. వదినను మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టుకోమను, నువ్వు చెప్తే వినదు, నేను చెప్పానను.

హోస్టింగ్ అంటే వేరేవాళ్ళ కంప్యూటర్లో మనం అద్దెకు తీసుకునే చోటు. ఆ కంప్యూటర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. నువ్వు పెట్టిన ఫోటో అందులో కూర్చుంటుంది, బెంగళూరు అబ్బాయి తన కంప్యూటర్ నుంచి అక్కడికి వెళ్ళి చూస్తాడు. కాబట్టి ఆ కంప్యూటర్ ఎవరిది, దాన్ని ఎవరు చూసుకుంటున్నారు అన్నదే ముఖ్యం. లోపలికి ఎవరెవరు వెళ్ళగలరు, రోజూ నకలు తీసి పెడతారా, ఏదైనా తేడా వస్తే ఎంతసేపట్లో సరిచేస్తారు, ఇవి అడగాలి.

మా ఆఫీసులో వాడే విదేశీ కంపెనీ ఒకటుంది. కాస్త ఖరీదు ఎక్కువ, కార్డు మీద కట్టాలి, ఆ కార్డు నేను ఏర్పాటు చేస్తాను. చవగ్గా ఇచ్చే చిన్నవాళ్ళు బెంగళూరులో చాలామంది ఉన్నారు. ఆడపిల్లల ఫోటోలంటున్నావు కాబట్టి నా మాట విని మొదటిదే తీసుకో.

నీ చెల్లెలు,
సుమ


కెలమంగలం,
25-7-2004

సుమకు,

నీ మాట విన్నాను, సగం. కోపం తెచ్చుకోకుండా మిగతాది చదువు.

ఆ విదేశీ కంపెనీ వాడి ముఖం నువ్వు చూశావా? ఏదైనా జరిగితే నేను ఎవరి గడప తొక్కాలి? ఇలాంటి పనికి మనిషిని చూడకుండా ఎలా ఒప్పుకుంటాం! అందుకని పోయిన శనివారం బస్సెక్కి బెంగళూరు వెళ్ళొచ్చాను. చెన్నకేశవులు అని మనవాడే, వాళ్ళ తాతది డెంకణికోట పక్క. చక్కగా తెలుగు మాట్లాడతాడు. కంప్యూటర్లున్న గది తెరిచి చూపించాడు. ఇనుప తలుపు, దానికి రెండు తాళాలు, కింద వాచ్‌మన్, కరెంటు పోతే బ్యాటరీలు. లోపల చల్లగా ఉంది. చెప్పులు విప్పి పొమ్మన్నాడు. ఇంతకంటే భద్రం ఏం కావాలి?

"ఆడబిడ్డల ఫోటోలప్పా, జాగ్రత్త" అన్నాను. "నాకూ ఇద్దరు చెల్లెండ్లు ఉండారన్నా" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఒప్పేసుకున్నాను.

నువ్వు సైటు తయారుచేసి అతనికి పంపు. నాకు తేలిగ్గా ఉండాలి. ఫోటో పెట్టడానికి ఒక బటన్, తీసేయడానికి ఒక బటన్, అంతే.

మునిరాజు నిన్ను అడిగానని చెప్పమన్నాడు. పద్దెనిమిదేళ్ళుగా నెగటివ్‌ల మీద పెన్సిల్ పట్టి మొటిమలు మాయం చేసిన మనిషి, ఇప్పుడు మౌస్ పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. చూస్తే నవ్వొస్తుంది, జాలి కూడా వేస్తుంది.

ఆశీస్సులతో,
అన్నయ్య


హైదరాబాద్,
21-8-2004

అన్నయ్యకు,

కోపం వచ్చింది, రెండు రోజులకు పోయింది. గదికి తాళాలు చూసి హోస్టింగ్ ఎంచుకున్నవాణ్ణి నిన్నే చూశాను. మా ఆఫీసులో చెబితే పడీ పడీ నవ్వారు, నేను కూడా నవ్వి తర్వాత బాధపడ్డాను.

సరే, సైటు తయారైంది. ఒక్కో అమ్మాయికి ఒక పేజీ, ఒక పాస్‌వర్డ్. నువ్వు ఎవరికి చెబితే వాళ్ళే పేజీ తెరవగలరు. నువ్వు అడిగిన రెండు బటన్లూ పెట్టాను. చెన్నకేశవులు గారి వైపు ఒక చిన్న సర్దుబాటు మిగిలింది, ఫోన్ చేసి చెప్పాను, రెండు రోజుల్లో చేస్తానన్నారు. నువ్వు పని మొదలుపెట్టుకోవచ్చు.

మాకు ఇక్కడ కొత్త ప్రాజెక్టు వచ్చింది. రెండు మూడు నెలలు తల ఎత్తే వీలుండదు. దసరాకు రాలేను. మునిరాజన్నను మౌస్ గట్టిగా పట్టుకోవద్దను, అది పారిపోదు.

ప్రేమతో,
సుమ


కెలమంగలం,
20-2-2005

సుమకు,

నీ సైటు పుణ్యమా అని స్టూడియోకు కొత్త కళ వచ్చింది. సామల్పట్టి నుంచి, దాని పక్కనున్న పోచంపల్లి నుంచి కూడా వస్తున్నారు. ఇప్పటికి నలభై మంది దాటారు.

నరసింహప్ప కూతురు చైత్ర నీకు గుర్తుందా? మల్బరీ తోట వాళ్ళు. నువ్వు ఊరొస్తే నీ వెనకాలే తిరిగేది, కంప్యూటర్ నేర్పించక్కా అని. ఆ పిల్లకు సంబంధం కుదిరింది. ఆకుపచ్చ చీరలో ఫోటో తీశాను, నిజానికి ఈ మధ్య నేను తీసిన వాటిల్లో అదే బాగొచ్చింది. సామల్పట్టి శేషప్ప కొడుకు హేమంత్ బెంగళూరులో ఒక కంపెనీలో పనిచేస్తున్నాడు. నరసింహప్ప పాస్‌వర్డ్ పంపిన మర్నాడే "నాకు ఈ అమ్మాయే కావాల" అని ఇంటికి ఫోన్ చేశాడట. ఇరవై రోజుల్లో తాంబూలాలు పుచ్చుకున్నారు.

ఇప్పుడు నెగటివ్ లేదు కదా, ఏమివ్వాలని ఆలోచించాను. ఫోటో సీడీలోకి ఎక్కించి, స్టూడియో కంప్యూటర్లో చెరిపేసి, సైటులో నువ్వు పెట్టిన తీసేసే బటన్ నొక్కి, ఆ సీడీని కవర్లో పెట్టి పసుపు రాసి నరసింహప్ప చేతిలో పెట్టాను. అందరికీ ఇలాగే చేస్తున్నాను. నాన్న పద్ధతి తప్పలేదు. "ఇంక యాడా లేదు గదా పురుషోత్తమప్పా?" అని అడిగాడు. "యాడా లేదప్పా" అన్నాను. కవరు కళ్ళకద్దుకుని వెళ్ళాడు.

వచ్చే నెలలో పెళ్ళి. వీలైతే రా.

అన్నయ్య


కెలమంగలం,
9-11-2005

సుమకు,

మనసు బాగాలేక రాస్తున్నాను.

చైత్రను పుట్టింట్లో వదిలిపెట్టి పోయాడు హేమంత్. బెంగళూరులో సిటీ బస్టాపుల్లో గోడలకు కాగితాలు అంటించారు, 'స్నేహం కావాలా, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని. నంబరు ఎవరిదో, దాని మీద ముఖం మాత్రం చైత్రది. ఆకుపచ్చ చీర. నా స్టూడియో తెర వెనకాల కనిపిస్తోంది. నరసింహప్ప ఒక కాగితం గోడ మీద నుంచి చించి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "నువ్వు తీసిందే గదా ఇది?" అన్నాడు. కాదని ఎలా అనను?

"సీడీ బీరువాలో ఉండేది ఉన్నట్టే ఉంది. మరి ఇది యాడినుంచి వచ్చె?" అన్నాడు. ఆయన కొట్టినా బాగుండేది. కాగితం బల్ల మీదే వదిలి వెళ్ళిపోయాడు.

నాకు తెలిసి ఆ ఫోటో ముట్టుకున్నవాళ్ళం ఇద్దరమే, నేనూ మునిరాజూ. ఫోటోలో బొట్టు దిద్దింది వాడే. అడిగాను. "నేనెందుకు చేస్తానన్నా?" అన్నాడు. ఇంకొకళ్ళు ఎవరున్నారు, గాల్లో నుంచి వచ్చిందా అని అరిచాను. తాళంచెవులు బల్ల మీద పెట్టి పొమ్మన్నాను. పెట్టి వెళ్ళాడు. పంతొమ్మిదేళ్ళలో వాడి మీద చెయ్యెత్తింది లేదు, నిన్న ఎత్తాను.

చైత్ర గది దాటి బయటకు రావడం లేదట. వాళ్ళమ్మ పెట్టింది తినడం లేదట. ఊళ్ళో ఆడవాళ్ళు పనిగట్టుకుని వాళ్ళ వీధిలో నడుస్తున్నారు.

అన్నయ్య


హైదరాబాద్,
15-11-2005

అన్నయ్యా,

మునిరాజన్న ఏ తప్పూ చేయలేదు. ఈ వాక్యం చదవగానే ఉత్తరం పక్కన పెట్టి, ముందు ఆయన దగ్గరికి వెళ్ళు.

తప్పు నాది. పోయిన సంవత్సరం ఆగస్టులో ఒక చిన్న సర్దుబాటు మిగిలిందని రాశాను, గుర్తుందా? పాస్‌వర్డ్ పేజీకి మాత్రమే ఉంది. ఫోటోలన్నీ ఒక ఫోల్డర్లో ఉంటాయి, ఆ ఫోల్డర్ అడ్రసు కొడితే ఏ పాస్‌వర్డూ అడగకుండా మొత్తం జాబితా వచ్చేస్తుంది. ఎవరైనా ఒక్కొక్కటీ తెరిచి తీసుకుపోవచ్చు. దాన్ని మూయమని చెన్నకేశవులుకు చెప్పాను. ఆయన సరేనన్నాడు. మూశాడో లేదో నేను మళ్ళీ చూడలేదు. పనిలో పడ్డాను. ఎవరు వెతుక్కుంటూ వస్తారు కెలమంగలం స్టూడియో ఫోటోల కోసం అనుకున్నాను. నీకు విడమరిచి రాస్తే, నేను ముందే చెప్పాను కదా అన్నట్టు ఉంటుందని కూడా అనిపించింది.

ఇంకొకటి ఉంది. తీసేసే బటన్ పేజీలో నుంచి పేరును మాత్రమే తీసేస్తుంది. ఫోటో ఆ కంప్యూటర్లోనే ఉండిపోతుంది. తొందరలో అలా చేసి, తర్వాత సరిచేద్దామనుకున్నాను. నువ్వు పసుపు రాసి సీడీలు ఇస్తున్నానని రాసిన ఉత్తరాన్ని మడిచి పెట్టె అడుగున దాచేశాను. అప్పుడైనా చెప్పాల్సింది. పెళ్ళికి రాకపోవడానికి ప్రాజెక్టు కారణం కాదు.

నిన్న రాత్రి ఫోల్డర్ తెరిచాను. అరవై ఒక్కమంది ఉన్నారు. అందరూ ఉన్నారు, ఒక్కరి ఫోటో కూడా పోలేదు. అన్నీ చెరిపేసి సైటు మూసేశాను. ఎవరు ఎన్ని తీసుకుపోయారో తెలుసుకునే దారి లేదు. చెన్నకేశవులు ఫోన్ ఎత్తడం లేదు.

ఒక్క మాట అన్నయ్యా. ఇది బయట చెప్పకు. మిగతా అరవై మందిలో చాలామందికి పెళ్ళిళ్ళయ్యాయి, కొందరు తల్లులయ్యారు. సైటు తెరిచి ఉందని తెలిస్తే అరవై ఇళ్ళలో మంట పెట్టినట్టే. చైత్రకు ఏం చేయాలో ఆలోచిద్దాం.

నన్ను క్షమించమని అడిగే ముఖం లేదు.

సుమ


కెలమంగలం,
28-11-2005

సుమకు,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి పదిరోజులు పట్టింది. మొదట రాసినవి చించేశాను, అందులో ఉన్న మాటలు అన్న రాయదగినవి కావు.

మునిరాజు ఇంటికి వెళ్ళాను. వాకిట్లో నిలబడి తప్పైపోయింది రా అన్నాను. "నీ మీద కోపం లేదన్నా. కానీ మళ్ళా ఆడికి రాలేను. నువ్వు అడిగినప్పుడు జనం ఉండిరి" అన్నాడు. వాళ్ళావిడ కాఫీ ఇచ్చింది, తాగి వచ్చేశాను. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో గేటు దగ్గర పనికి చేరాడు.

రెండు తాళాలు చూసి మురిసిపోయినవాణ్ణి నేను. నిన్నొక్కదాన్నే అనను.

కానీ బయట చెప్పకు అంటున్నావే, అది మాత్రం నా వల్ల కావడం లేదు. ఆ అరవైమందినీ కాపాడాలని నాకూ ఉంది. వాళ్ళందరి బరువూ ఈ ఒక్క పిల్ల మోస్తూ కూర్చోవాలా? ఇరవై ఒక్కేళ్ళ పిల్ల! చైత్ర తానే ఎవరికో ఫోటో ఇచ్చిందని సామల్పట్టిలో అనుకుంటున్నారు. బెంగళూరులో పెళ్ళికి ముందు ఎవరో ఉన్నాడని కూడా కథ అల్లారు. తప్పు స్టూడియోది అని తెలిస్తే హేమంత్ తీసుకెళ్తాడు. మంచి కుర్రాడే, ఫోటో చూసి ముచ్చటపడి చేసుకున్నవాడు. నరసింహప్పకు అంతా చెప్పాను. విని "నువ్వొచ్చి వాళ్ళ నట్టింట్లో చెప్తావా?" అన్నాడు. చెప్తానన్నాను.

పదకొండో తేదీ, ఆదివారం, వెళ్తున్నాం.

పురుషోత్తం


హైదరాబాద్,
7-12-2005

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇవాళే వచ్చింది. స్టూడియో ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. అందుకే స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

వెళ్తే వెళ్ళు. కానీ నలుగురిలో చెప్పొద్దు. హేమంత్ ఒక్కణ్ణే పక్కకు పిలిచి, చైత్ర ఫోటో మాత్రమే పోయిందని చెప్పు. ఎంతమందివి అని ఎవరడిగినా నోరు విప్పకు. తప్పు నా చెల్లెలిదని చెప్పు, కావాలంటే నా అడ్రసు ఇవ్వు. నేను వచ్చి అతని కాళ్ళు పట్టుకుంటాను.

నీ కాళ్ళకు మొక్కి అడుగుతున్నాను.

సుమ


కెలమంగలం,
3-1-2006

సుమకు,

నీ స్పీడ్ పోస్టు పన్నెండో తేదీ అందింది. మేము పదకొండున వెళ్ళి వచ్చేశాం.

జరిగింది జరిగినట్టు రాస్తాను. శేషప్ప ఇంటి వరండాలో పదిహేను మంది దాకా ఉన్నారు. పెద్దమనుషులు ఉంటే మంచిదని నరసింహప్పే ముందుగా కబురు పంపాడు. చైత్ర కూడా వచ్చింది, తండ్రి వెనకాల గోడ పక్కన కూర్చుంది. చిక్కిపోయింది. నేను నిలబడి అంతా చెప్పాను. సైటు నాదని, ఫోల్డర్ తెరిచి ఉందని, సీడీ ఇచ్చి అంతా చెరిపేశానని అబద్ధం చెప్పినవాణ్ణి నేనేనని, ఆ బిడ్డకు ఏ సంబంధమూ లేదని చెప్పాను. నీ పేరు ఎత్తలేదు.

మునిలక్ష్మమ్మ, హేమంత్ వాళ్ళమ్మ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. శేషప్ప "అట్లనా" అన్నాడు. నాకు గుండె తేలికపడింది. పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు హేమంత్ మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

"ఇది చెప్పేదానికి ఇంత దూరం వచ్చినావా అన్నా? ఆ ఫోటో మొదట చూసింది నేనే గదా, నువ్విచ్చిన పాస్‌వర్డుతోనే. గోడ మీద చూసిన నిమిషంలోనే తెలిసిపోయె, ఇది ఆడినుంచే వచ్చిందని. ఆయమ్మ మీద నాకు అనుమానం ఎప్పుడూ లేదు."

"మరి ఎందుకు వదిలేసినావప్పా?" అన్నాను.

"నాతో పనిచేసేవాళ్ళందరూ చూసినారు. ఆ నంబరుకు ఫోన్ చేసినోళ్ళు కూడా ఉండారు వాళ్ళలో. వాళ్ళ మధ్యలో రోజూ కూర్చోవాల నేను."

అంతే సుమా. అతనికి మొదటి నుంచీ తెలుసు. మనిద్దరం చదువుకున్నవాళ్ళం, ఉత్తరాల మీద ఉత్తరాలు రాసుకున్నాం, ఈ ఒక్క సంగతి తట్టలేదు. చైత్ర లేచి నిలబడి "పోదాం నాయనా" అంది. ఆ పిల్ల ముఖం నేను చూడలేకపోయాను.

మేము చెప్పులు వేసుకుంటుంటే వరండాలో ఒకాయన, మారియప్ప అట, అడిగాడు. "మా కోడలి ఫోటో గూడా మీ కెలమంగలం నుంచే వచ్చింది. అట్ల ఎంతమందివి ఉన్నెప్పా ఆడ?" అప్పటికే నిజం చెప్పడం మొదలుపెట్టిన నోరు, ఆగలేదు. అరవై ఒక్కటి అన్నాను. ఆయన కండువా దులుపుకుని ఇంటివైపు నడిచాడు.

మర్నాడు పోచంపల్లి సంతలో అదే మాటట. వారం తిరగకుండా స్టూడియో ముందు జనం చేరారు. కొందరు తిట్టారు, వాళ్ళు నయం. కొందరు తమ కూతురు పేరు చెప్పి, మా పాప లేదు కదప్పా అందులో అని బతిమాలుతున్నారు. ఏం చెప్పను? మారియప్ప కోడలు పుట్టింటికి వచ్చేసింది, చంకలో బిడ్డతో. ఇంకో ఇద్దరి గురించి కూడా వింటున్నాను. స్టూడియో మూసేశాను. చైత్ర హోసూరులో ఏదో కంపెనీలో పనికి చేరుతుందని నరసింహప్ప చెప్పి పంపాడు. తను రాలేదు.

నువ్వు రావద్దు. వస్తే నీ ముఖం చూసి ఏమంటానో నాకే తెలియదు.

గోడ మీద కాగితం అంటించినవాడికి ఒక్క చైత్ర దొరికింది, సుమా. మిగతావాళ్ళ మొగుళ్ళందరూ ఇప్పుడు పక్కన పడుకున్న ఆడమనిషి ముఖం కోసం బస్టాపుల్లో గోడలు వెతుక్కుంటున్నారు. వెతకమని చెప్పి వచ్చింది నేను.

పురుషోత్తం